దానిమ్మకాయకు పడిన కట్టు

సోమవారం పొద్దున తొమ్మిది గంటలకల్లా ఒక పుచ్చు దానిమ్మకాయను తీసుకెళ్ళి పెంబర్టన్ దొరగారి చేతిలో పెట్టాలి. సూర్యప్రకాశం వేసుకున్న పథకమంతా ఇంతే. కాయ పెరట్లోనే ఉంది. దొరగారి బంగళా గోదావరి గట్టున, నడిస్తే పావుగంట దూరంలో ఉంది. అందుకని తెల్లవారుతూనే రేవుకు స్నానానికి బయలుదేరినప్పుడు, ఈపూట రాజమండ్రి మొత్తంమీద తనకంటే నిశ్చింతగా ఉన్నవాడు ఇంకొకడు లేడనుకున్నాడు. అలా అనుకోవడం అతని అలవాటు. అనుకున్న రోజునే ఏదో ఒకటి జరగడం అతని జాతకం.

గోదావరి మీద రైలు వంతెనకు స్తంభాలు లేస్తున్న రోజులవి. సూర్యప్రకాశం పెంబర్టన్ దొర నడిపే కాలువల కచేరీలో రికార్డు గుమాస్తా. వయసు ఇరవై ఆరు. ఇంట్లో ఐదో నెల గర్భిణి అయిన భార్య అమ్మణ్ణి, తల్లి పోయిన నాటి నుంచి అతన్ని పెంచిన మేనత్త సూరమ్మ. ముగ్గురూ సుఖంగానే ఉన్నారు. ఇంతలో శుక్రవారం సాయంత్రం హెడ్ గుమాస్తా అతన్ని పక్కకు పిలిచి చెవిలో ఒక మాట వేశాడు. పోలవరం కచేరీకి ఏడాదిపాటు ఒక గుమాస్తాను పంపాలట. సూర్యప్రకాశం పేరు రాసి కాగితం దొరగారి బల్లమీద పెట్టేశారట. సోమవారం పది గంటలకు దొర సంతకం చేస్తాడట.

పోలవరం అంటే ఆ రోజుల్లో ఊరి పేరు కాదు, జ్వరం పేరు. అంతకుముందు వెళ్ళిన ముగ్గురు గుమాస్తాల్లో ఒకాయన జుట్టంతా అక్కడే వదిలేసి వచ్చాడు. ఒకాయనకు నాలుక మీద క్వినైన్ చేదు శాశ్వతంగా ఉండిపోయి పాయసం కూడా చేదనేవాడు. మూడో ఆయన రోహిణికార్తెలో సైతం దుప్పటి కప్పుకునే మాట్లాడేవాడు. పుట్టబోయే బిడ్డ తన తండ్రిని మొదటిసారి దుప్పటిలోంచి చూడడం సూర్యప్రకాశానికి బొత్తిగా ఇష్టం లేకపోయింది.

దొరను మెత్తబరచడానికి ఒకటే దారి ఉంది. పెంబర్టన్ దొరకు ఊళ్ళో పురుగుల దొర అని పేరు. కాలువ గట్ల మీద వల పట్టుకుని సీతాకోకచిలుకల వెంట ఆయన, ఆయన వెంట కాలువ కాపలా లస్కర్లు పరిగెత్తుతూ ఉండేవారు. కొన్నాళ్ళుగా ఆయన ప్రాణమంతా ఒక చిన్న నీలి సీతాకోకచిలుక మీద ఉంది. రెక్కలు విప్పితే నెమలికంఠం రంగు, మూస్తే బూడిద రంగు, వెనక వెంట్రుకంత తోక. అలాంటివి ముప్ఫై పట్టి పెట్టెలో గుచ్చాడు కాని, అది గుడ్డు ఎక్కడ పెడుతుందో, దాని పిల్ల ఏం తిని పెరుగుతుందో ఆయనకు అంతుపట్టలేదు. జిల్లాలోని ఆకులన్నీ తిరగేశాడు. శనివారం విసుగెత్తి గుమాస్తాలనే అడిగాడు. ఆయన తెలుగంతా పుస్తకాల్లోంచి నేర్చుకున్నది. "ఈ కీటకము యొక్క శైశవము ఎచ్చట గడుచుచున్నది? మీలో ఎవ్వరును ఎరుగరా?" అన్నాడు. ఎవ్వరును ఎరుగరు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర సూర్యప్రకాశం ఆ మాట చెబితే అమ్మణ్ణి మజ్జిగ వడ్డిస్తూ నవ్వింది.

"అది మన దానిమ్మ పురుగేనండీ. నిరుడు పుచ్చుకాయొకటి వంటింటి గూట్లో పెట్టి మర్చిపోయాను. పది రోజులకి పులుసు తిరగమోత పెడుతుంటే అందులోంచి నీలంగా ఎగిరొచ్చింది. ఈ ఏడు పనిగట్టుకుని చూస్తున్నాను."

"ఏం చూశావు?"

"పువ్వు కాయగా మారే వేళకి తల్లి వచ్చి, కాయకి నెత్తిన కిరీటం ఉంటుంది చూడండి, అక్కడ గసగసమంత గుడ్డు పెడుతుంది. పురుగు పుట్టి బెజ్జం చేసుకుని లోపలికెళ్ళి గింజలు తింటుంది. తింటే కాయ కుళ్ళుతుంది కదా, రాలిపోతే దాని ఇల్లే పోతుంది. అందుకని బయటికొచ్చి, తొడిమనీ కొమ్మనీ కలిపి తెల్లటి దారంతో కట్టేసుకుని మళ్ళీ లోపలికి పోతుంది. అక్కడే నిద్రపోయి రెక్కలతో లేస్తుంది. ఇప్పుడు నాలుగు కాయలకి కట్టింది. ఒకటి రేపో ఎల్లుండో ఎగురుతుంది."

సూర్యప్రకాశం చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోకుండా బంగళాకు పరిగెత్తి, ఆ కాయను దారంతో సహా సోమవారం తొమ్మిదికి తెస్తానని మాట ఇచ్చి వచ్చాడు. దొర ఆనందం పట్టలేక అతని చేతిని పట్టుకుని ఊపాడు. ఇక పోలవరం ఎవరికి రాసిపెట్టి ఉందో కాని తనకు మాత్రం కాదనుకున్నాడు. సూరమ్మకు మాత్రం ఈ సంగతి చెప్పవద్దని భార్యతో అన్నాడు. పుచ్చుకాయ పట్టుకుని అధికారి దగ్గరకు వెళ్తావుట్రా అని ఆవిడ వీధి అరుగుల దాకా వినబడేలా అడుగుతుందని అతని భయం. ఆ ఒక్క మాట దాచడంతోనే మొత్తం వ్యవహారం చెడింది.

సోమవారం అతను గోదావరిలో నడుం లోతున నిలబడి, దొరతో చెప్పాల్సిన నాలుగు ఇంగ్లీషు వాక్యాలను వల్లె వేసుకోవడంలో మునిగిపోయాడు. పక్కన పడవ కడుగుతున్న సరంగు చాలాసేపు చూసి, "ఇది ఏ మంత్రం బాబూ? ఎప్పుడూ వినలేదు" అన్నాడు. "పోలవరం తప్పించే మంత్రం" అని మళ్ళీ మొదటి వాక్యం నుంచి ఎత్తుకున్నాడు. అలా గంటన్నర గడిచింది. ఆ గంటన్నరలో ఇంట్లో ఏం జరిగిందో అతనికి తర్వాత తెలిసింది.

ఆ దానిమ్మ చెట్టును అమ్మణ్ణి కాపురానికి వచ్చిన నెలలోనే సూరమ్మ తన చేత్తో నాటింది. చెట్టూ కోడలూ ఆవిడకు ఒకటే. చెట్టు పూస్తే కోడలికి దిష్టి తీసేది. ఆ పొద్దున పిల్లకు నోరు బాగుంటుందని పండు కోయడానికి వెళ్ళి, వాడిపోయిన కాయ ఒకటి కనబడితే అడ్డు తీసేద్దామని లాగింది. అది రాలేదు. వంగి చూస్తే తొడిమ చుట్టూ, కొమ్మ చుట్టూ తెల్లటి దారం. పక్క కాయకూ దారమే. మరో రెండింటికీ దారమే.

"అమ్మణ్ణీ! ఎవరే ఈ దారాలు కట్టింది?"

అమ్మణ్ణి గుమ్మంలోకి వచ్చింది. మొగుడు చెప్పవద్దన్న సంగతి గుర్తుంది కాని అత్తగారి ముఖం చూస్తే అబద్ధం నోట రాలేదు. "పురుగండీ అత్తయ్యగారూ" అంది.

"పురుగు దారం పేనుతుందిటే?"

"అవునండీ. కాయ రాలిపోకుండా కట్టుకుని లోపల పడుకుంటుంది."

సూరమ్మ కోడలి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు. "అయ్యో నా తల్లీ, కట్టు కట్టినవాళ్ళు ఎంత గట్టివాళ్ళే! నీ నోటితోనే పురుగని పలికిస్తున్నారు" అంది. కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉండగా ఎవరో మంత్రించిన దారంతో కాయకు కట్టు వేశారంటే, అది కాయను ఉద్దేశించి వేసింది కాదని ఆవిడకు క్షణంలో అర్థమైపోయింది. మొన్న ఎక్కడినుంచో వినబడిన పోలవరం బదిలీ కూడా ఇందులోంచే పుట్టిందని తేలిపోయింది. ఆవిడ ఏడుపూ భయమూ రెండూ నిజమైనవే. అంత ప్రేమ ఉన్నచోట పురుగు మాట ఎవరు వింటారు?

సరిగ్గా అప్పుడే నెమలీకల కట్ట పట్టుకుని ముసలయ్య వీధిలో పోతున్నాడు. దిష్టి తీయడం, కట్లు విప్పడం, తాయెత్తులు కట్టడం అతని వృత్తి. నలభై ఏళ్ళలో గుమ్మానికి కట్టు చూశాడు, మంచం కోడుకు చూశాడు, నూతి గిలకకు చూశాడు, గేదె కొమ్ముకు చూశాడు. దానిమ్మకాయకు చూడలేదు. కాని చూడలేదని చెప్పడం ఆ వృత్తిలో లేదు. చెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగి, "ఆయ్, పెద్ద కట్టేనండి" అన్నాడు.

కాయల తొడిమలు తెంపాడు. దారం చుట్టి ఉన్న పుల్లముక్కను చిటికెడు కుంకుమతో కలిపి రాగి గొట్టంలో కుక్కి, లక్కతో మూత వేసి తాయెత్తు చేశాడు. కాయలను గుడ్డలో మూటగట్టి, గోదావరి నడిమధ్యలో వదిలేస్తానని పట్టుకుపోయాడు.

సూర్యప్రకాశం తడి బట్టలతో, నాలుగు ఇంగ్లీషు వాక్యాలతో ఇంటికి వచ్చేసరికి చెట్టు బోడిగా ఉంది. సూరమ్మ ఆనందంతో ఎదురొచ్చి అతని కుడిచేతి దండకు తాయెత్తు కట్టింది.

"గండం గడిచిందిరా నాయనా. ముసలయ్య కట్టు విప్పి, ఆ దారాన్నే ఇందులో పెట్టి మూశాడు. ఇది నీ చేతికి ఉన్నంతసేపూ ఆ పోలవరం కాగితం నీ దరికి రాదు. విప్పావో, ఇక నీ ఇష్టం."

"అత్తా, కాయలు! కాయలేవి?"

"గోదాట్లోకి వెళ్ళాయి."

సూర్యప్రకాశం పొడి పంచె చుట్టుకుని, కోటు తొడుక్కుని, గుండీలు పెట్టుకోకుండానే వీధిలో పడ్డాడు. వెనకనుంచి అమ్మణ్ణి, "ఏవండీ, ఒక్కమాట..." అంటూ గుమ్మం దాకా పరిగెత్తుకొచ్చింది. సూరమ్మ చటుక్కున ఆమె నోరు మూసింది. "పనిమీద వెళ్ళేవాణ్ణి వెనక్కి పిలుస్తారుటే! ఇవాళే మంచి జరుగుతుంటే!" అంది. అమ్మణ్ణి కళ్ళతో ఏదో చెప్పబోయింది కాని, అతను అప్పటికే మలుపు తిరిగిపోయాడు.

రేవు మెట్ల మీద ముసలయ్య కూర్చుని చుట్ట వెలిగించుకుంటున్నాడు. మూట లేదు. దాని బదులు అతని తలమీద దొరలు పెట్టుకునే టోపీ ఒకటి, కొంచెం సొట్టపడ్డది, చెవుల దాకా దిగి ఉంది.

"ముసలయ్యా! కాయలేవీ?"

"ఆయ్, గోదారమ్మకి ఇచ్చేశానండి."

"మరి ఈ టోపీ గోదారమ్మ ఇచ్చిందా?"

ముసలయ్య టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "అబద్ధం ఎందుకాడాలండి. దొరగారి బట్లరు రాజరత్నంగారు ఎదురొచ్చారండి. మూటలో ఏంటి అన్నారు. దానిమ్మకాయలన్నాను. దొరసానమ్మగారు పొద్దుటి బల్లమీదకి పళ్ళు అడిగారంట, ఊరంతా తిరిగినా దొరకలేదంట. ఈ టోపీ ఇస్తా, అవి ఇవ్వమన్నారు."

"కట్టు కట్టిన కాయలని చెప్పి, మళ్ళీ తినేవాళ్ళకి ఇస్తావా?"

"తెల్లోళ్ళకి మన కట్లు తగలవండి. వాళ్ళ దేశం వేరు, వాళ్ళ కట్లు వేరు. గోదాట్లో కలిపితే మనవాళ్ళెవరో ఆ నీళ్ళు తాగాల కదండీ? నా మనసొప్పలేదండి."

ఈ వాదానికి జవాబు వెతికే తీరిక సూర్యప్రకాశానికి లేదు. ఎనిమిదిన్నర కావస్తోంది. కాయలు దొర ఇంటికే వెళ్ళాయి. కాని దొర చేతికి వెళ్ళాల్సిన కాయలు దొరసాని నోటికి వెళ్తున్నాయి. అతను గట్టు వెంబడి పరిగెత్తాడు. ఒక చెప్పు మధ్యలో తెగింది. దాన్ని చేత్తో పట్టుకుని పరిగెత్తాడు.

బంగళా వెనక వంటశాల గుమ్మంలో రాజరత్నం తెల్లటి దుస్తుల్లో నిలబడి వెండి చెంచా తుడుస్తున్నాడు. ఆయన లూథరన్ చర్చిలో పెద్ద. మనిషి ఎంతో గంభీరం. కళ్ళకు చత్వారం వచ్చి రెండేళ్ళయింది. అద్దాలు పెట్టుకోవడం బట్లరు హోదాకు తక్కువని పెట్టుకోలేదు. కాయలకు ఉన్న బెజ్జాలు ఆయనకు కనబడకపోవడానికి అదే కారణం.

"రాజరత్నంగారూ! ఆ కాయలు కోశారా?"

"ఇప్పుడే లోపలికి పంపాను. ఏంటండీ ఆ రొప్పడం?"

"కొయ్యకూడదండీ! అవి మా పెరటివి. మా అత్త కట్టు పడిందని ముసలయ్యకి ఇస్తే..."

కట్టు అనే మాట వినగానే రాజరత్నం చెంచా కింద పెట్టాడు. మెల్లగా స్టూలు మీద కూర్చున్నాడు.

"నేను ప్రభువును నమ్ముకున్నవాణ్ణి. అలాంటివాటికి భయపడనండి" అన్నాడు.

"మరి కూర్చున్నారేంటండీ?"

"నేను భయపడటం లేదు. మోకాళ్ళు భయపడుతున్నాయి."

ఆయన మోకాళ్ళకు ధైర్యం చెప్పేలోపు భోజనాల గదిలోంచి కేక వినబడింది. ఆ తర్వాత పింగాణీ పళ్ళెం పగిలిన చప్పుడు. ఇద్దరూ లోపలికి పరిగెత్తారు.

దొరసాని కుర్చీ మీద నిలబడి ఉంది. తెల్లటి గుడ్డ పరిచిన బల్లమీద దానిమ్మకాయ రెండు చెక్కలై పడి ఉంది. అందులోంచి బయటికి వచ్చిన పొట్టి లావుపాటి పురుగొకటి వెన్న గిన్నెకేసి నిదానంగా నడుస్తోంది. దొర బల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, భూతద్దం కంటికి పెట్టుకుని, ఆ పురుగుకు దారి ఇవ్వడానికి వెన్న గిన్నెను పక్కకు జరుపుతున్నాడు.

దొరసాని ఇంగ్లీషులో ఈ కాయలు ఎవరు తెచ్చారని అడిగింది. రాజరత్నం చెయ్యెత్తి, చర్చిలో సాక్ష్యం చెప్పినంత స్పష్టంగా సూర్యప్రకాశాన్ని చూపించాడు. "ఈయనగారి పెరటివండీ" అన్నాడు.

సూర్యప్రకాశం వల్లె వేసుకున్న నాలుగు వాక్యాల్లో దొరసాని కుర్చీ ఎక్కిన సందర్భానికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. చేతిలో చెప్పు ఉందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి వెనక దాచుకున్నాడు. పోలవరం ఇక చాలదని, పోలవరం దాటాక ఏ ఊరుందో అక్కడికే తన ప్రయాణమని నిశ్చయించుకున్నాడు.

దొర లేచాడు. ముఖం వెలిగిపోతోంది.

"సూర్యప్రకాశమా! నీవు తొమ్మిది గంటలకు తెత్తునంటివి. ఎనిమిదిన్నరకే, మేము ఎరుగకుండ, మా భోజనపు బల్లమీదనే ఉంచితివి! ఇంతటి చమత్కారము నీయందున్నదని నేనెరుగను."

సూర్యప్రకాశం చెప్పున్న చెయ్యి వెనకే ఉంచి తల వంచాడు. "చిత్తమండి" అన్నాడు. రాజరత్నం అతనికేసి గౌరవంగా చూశాడు.

రెండో కాయ కోస్తే అందులో చింతగింజంత గోధుమరంగు గూడు కదలకుండా పడి ఉంది. మూడోదాంట్లో ఇంకో రెండు పురుగులు. దొర ఒక్కొక్కదాన్నీ గాజు సీసాలో పెట్టి, పక్కగదిలోని తన రాతబల్ల దగ్గరకు నడిచాడు. అక్కడ పోలవరం కాగితం సంతకం కోసం ఎదురుచూస్తూ ఉంది. దొర దాన్ని చదివి, "ఇట్టివానిని ఇచ్చట నుండి పంపుటయా!" అని నిలువునా రెండు ముక్కలు చేశాడు.

అక్కడితో నమస్కారం పెట్టి ఇంటికి వచ్చేసి ఉంటే సూర్యప్రకాశం జీవితం ఇంకోలా ఉండేది. కాని సంతోషం వచ్చినప్పుడు ఒక మాట ఎక్కువ మాట్లాడటం అతని రెండో అలవాటు.

"అసలు విచిత్రం దారమండి. కాయ రాలిపోకుండా ఆ పురుగే కొమ్మకి కట్టుకుంటుంది" అన్నాడు.

దొర కనుబొమలు పైకి లేచాయి. "ఏదీ ఆ దారము?"

కాయలకు తొడిమలే లేవు. ముసలయ్య వాటిని మొదలంటా తెంపాడు.

"దారము చూపక, పురుగు ముడి వేయునని చెప్పిన, నన్ను చూచి నా దేశములో నవ్వుదురు" అన్నాడు దొర. మాట మెత్తగానే ఉంది కాని, ముఖం మీద వెలుగు కొంచెం తగ్గింది.

సూర్యప్రకాశానికి చెమట పట్టింది. నుదురు తుడుచుకుందామని చెయ్యెత్తితే కోటు చేయి బిగిసింది. దండ మీద రాగి గొట్టం ఒత్తుకుంది. ఆ దారాన్నే ఇందులో పెట్టి మూశాడు అన్న అత్త మాట అప్పుడు చెవిలో మోగింది. దొర అడుగుతున్న సాక్ష్యం పొద్దుటినుంచీ తన ఒంటిమీదే ఉంది!

కోటు విప్పాడు. తాయెత్తు ముడి మీద చెయ్యి వేశాడు. ఇంగ్లీషు చదువుకున్నవాడు, తాయెత్తుల మీద నమ్మకం లేనివాడు. అయినా ఎందుకో చెయ్యి ఒక్క క్షణం ఆగింది. విప్పావో ఇక నీ ఇష్టం అన్న మాట కూడా మోగింది మరి. కాని దొర చెయ్యి చాపి నిలబడి ఉన్నాడు. విప్పాడు. దొర చాకుతో లక్క మూత పెళ్ళగించి గొట్టం బోర్లిస్తే, కుంకుమ అంటిన చిన్న పుల్లముక్క కాగితం మీద పడింది. దాని చుట్టూ, తొడిమనూ కొమ్మనూ కలిపి చుట్టిన తెల్లటి పట్టుపోగులు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

దొర భూతద్దంలోంచి చాలాసేపు చూశాడు. తర్వాత కన్ను ఎత్తకుండానే అడిగాడు. "దీనిని రాగి గొట్టములో భద్రపరిచిన శాస్త్రజ్ఞుడెవరు?"

"ముసలయ్యండి."

"దీనిని మొట్టమొదట కనిపెట్టినదెవరు?"

ఈ ప్రశ్నకు జవాబు నేనేనండి అని చెప్పడం సూర్యప్రకాశానికి చాలా సులువు. నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కాని పెరట్లో ఎండలో నిలబడి, ఎవరూ అడగకుండానే, ఎవరికీ చెప్పాలని లేకుండానే, ఒక పురుగు ఇల్లు కట్టుకోవడాన్ని రోజూ చూసిన మనిషి అతని కళ్ళ ముందు నిలిచింది. ఆమె చూసింది తాను తీసేసుకోవడం అతనికి చేతకాలేదు.

"మా ఇంట్లోది అండి. పేరు అమ్మణ్ణి" అన్నాడు. పరాయివాళ్ళ ముందు భార్య పేరు చెప్పడం అదే మొదటిసారి కావడంతో చెవులు ఎర్రబడ్డాయి.

దొర పెద్ద పుస్తకం తెరిచి, ఆ నీలి సీతాకోకచిలుక బొమ్మ కింద గుడ్డు, పురుగు, గూడు, దారం అన్నీ వరసగా రాసి, అడుగున అమ్మణ్ణి పేరు రాసి గీత గీశాడు. సూర్యప్రకాశానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళలోంచి చూడడం వల్ల, దొర ఇంకో తెల్ల కాగితం తీసి దానిమీద కూడా చకచకా ఏదో రాస్తున్న సంగతి అతను గమనించలేదు.

అతను ఇల్లు చేరేసరికి అమ్మణ్ణి పెరటి గుమ్మంలో కూర్చుని ఉంది. ముందొక వెదురుబుట్ట బోర్లించి ఉంది. అతన్ని చూసి దాన్ని పైకెత్తింది.

"నాలుగో కాయ ఇది. ముసలయ్య అవతలివైపు కాయలు తెంపేటప్పుడు కొమ్మతో సహా కోసి బుట్ట కింద దాచాను. చెబుదామని పరిగెత్తుకొస్తే అత్తయ్యగారు నోరు మూశారు" అంది.

సూర్యప్రకాశం తెగిన చెప్పు పక్కన పెట్టి ఆమె పక్కన కూర్చున్నాడు. కాయ దారంతో, కొమ్మతో, పొద్దున కోరుకున్నది కోరుకున్నట్టుగా ఉంది. ఇద్దరూ చూస్తుండగానే బెజ్జంలోంచి చిన్న తల బయటికి వచ్చింది. తర్వాత ముడతలు పడ్డ తడి రెక్కలు. అది కాయమీదకు పాకి, కాసేపు అలాగే ఉండి, మెల్లమెల్లగా వాటిని సాగదీసుకుంది. ఎండ తగలగానే నీలం మెరిసింది. అమ్మణ్ణి అతని చేతిమీద చెయ్యి వేసింది. అతను ఆ పూట పడ్డ తిప్పలన్నీ మరిచిపోయాడు.

"దొరగారు ఏమన్నారు?" అంది ఆమె.

"పోలవరం కాగితం చింపేశారు. నీ పేరు పుస్తకంలో ఎక్కించారు."

"నా పేరా!"

"తర్వాత ఇంకో కాగితం రాశారు. ఇలాంటి కళ్ళు రికార్డుల దుమ్ములో పాడైపోకూడదట. ఎవరూ చూడని సీతాకోకచిలుకలు వందలు వందలు ఉన్నాయట. వాటి పుట్టుపూర్వోత్తరాలు రాయడానికి నన్ను ప్రత్యేక గుమాస్తాగా వేశారు. నిన్ను తప్పకుండా వెంట తీసుకెళ్ళమన్నారు, నువ్వు లేకపోతే నాకేమీ కనబడదట."

"ఎక్కడికి?"

"పోలవరం. పాత కాగితంలో ఏడాదే. ఇందులో మూడేళ్ళు."

అమ్మణ్ణి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని అతను కంగారుపడి తొంగి చూస్తే నవ్వుతోంది. "ముందు మీరెళ్ళి అక్కడ ఏమేం పూస్తాయో చూసి రాయండి. బిడ్డకి మూడో నెల రాగానే నేనొస్తాను. దుప్పట్లు మాత్రం రెండు పట్టుకెళ్ళండి" అంది.

మాటలు విని సూరమ్మ లోపలినుంచి వచ్చింది. సూర్యప్రకాశం ఆవిడకు జరిగిందంతా మొదటినుంచి చెప్పాడు. దారం కట్టింది పురుగేనని, కళ్ళారా చూడమని బుట్ట పక్కనున్న కాయను చూపించాడు. సీతాకోకచిలుక అప్పుడే లేచి, ఆవిడ ముఖం ముందునుంచి గోడ దాటి వెళ్ళిపోయింది. సూరమ్మ దానికేసి చూడలేదు. కొత్త కాగితంకేసీ చూడలేదు. మేనల్లుడి కుడిచేతి దండకేసి చూసింది.

"తాయెత్తేదిరా?"

"విప్పాను, అత్తా."

"కాగితం చింపాక విప్పావా, చింపకముందా?"

"చింపాక."

"రెండో కాగితం?"

"విప్పాక."

సూరమ్మ దీర్ఘంగా నిట్టూర్చి, అటక మీది దుప్పట్లు దించడానికి లోపలికి వెళ్తూ, "ఇంకా పురుగంటావేంటిరా?" అంది.